సెమిలిగుడ విత్తన దుంపల కోల్డ్ స్టోరేజీ: మూడు తరాల కేస్ స్టడీ

ఈ కేసు రాయమని ఆ ఇంటి పెద్దాయనే అడిగారు. పేర్లు మాత్రం వద్దన్నారు, జరిగింది ఏదీ దాచొద్దన్నారు. కాబట్టి తాతగారు, పెద్దాయన, చిన్నబాబు అనే పిలుపులతోనే రాస్తున్నాను. కళాసీల (బస్తాలు మోసే కూలీల) దగ్గర్నుంచి సంతలో రైతుల దాకా వాళ్ళని అందరూ పిలిచేది కూడా దాదాపు అలాగే. నేను చలి పుట్టించే అమ్మోనియా ప్లాంట్ల మీద పనిచేసిన మెకానిక్‌ని, తర్వాత కోల్డ్ స్టోరేజీలకి సలహాలు చెప్పే పనిలోకి వచ్చాను. 1996లో వీళ్ళ కంప్రెసర్ బాగుచెయ్యడానికి వెళ్ళినవాడిని, అప్పటి నుంచీ ఆ గడప విడిచిపెట్టలేదు. జరిగిన పెద్ద తప్పులో నా చెయ్యి కూడా ఉంది. అది ముందే చెప్పేస్తున్నాను.

సాలూరు నుంచి ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి దాటితే ఒడిశా కోరాపుట్ జిల్లాలోని సెమిలిగుడ వస్తుంది. సుమారు 900 మీటర్ల ఎత్తు, ఎర్రమట్టి మెట్టలు, ఓ పక్కన దేవమాలి కొండ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కిందే ఉండేది, అందుకే ఇప్పటికీ షావుకార్ల ఇళ్ళలో తెలుగు, సంతలో దేశియా అనే స్థానిక భాష, ఆఫీసులో ఒడియా నడుస్తాయి. బంగాళాదుంప మైదానాల్లో శీతాకాలం పంటే. ఇక్కడ చల్లదనం వల్ల జూన్‌లో వానలతో ఒకసారి, మళ్ళీ అక్టోబరు-నవంబరులో ఇంకోసారి వేస్తారు. ఈ వానాకాలం పంటే ఈ వ్యాపారానికి ప్రాణం, ఎందుకంటే మిగతా చాలా చోట్ల పొలంలో దుంప లేనప్పుడు ఇక్కడ కొత్త దుంప తవ్వుతారు.

తాతగారు పార్వతీపురం వైపు నుంచి ఉప్పు, ఎండుచేపలు, పొగాకు మోసుకొచ్చి దగ్గర్లోని కుందులి సంతలో అమ్మి, బదులుగా వలిసెలు (నూనెగింజలు), చింతపండు పట్టుకెళ్ళేవారు. 1964లో పక్కనే సునాబెడలో విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీ మొదలై, క్వార్టర్లు, మెస్‌లు వెలిశాక కూరగాయలకి గిరాకీ పుట్టింది. దుంపలు అమ్మాలంటే ముందు విత్తనం కావాలి, విత్తనం కొనే డబ్బు రైతు దగ్గర లేదు. అందుకని ఆయన విత్తనం అప్పిచ్చి పంటలో తీసుకోవడం మొదలుపెట్టారు. వడ్డీ వ్యాపారం కదా అని నేను ఒకసారి మొహం మీదే అడిగాను, అవును, మొదట్లో అదే అన్నారు పెద్దాయన. దానికి పశ్చాత్తాపపడే ఆయన తన కాలంలో బస్తా ఇస్తే బస్తానే తీసుకునేలా లెక్క మార్చారు.

ఇక్కడ విత్తన దుంప గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దీన్ని సరుకుగా చూసినవాళ్ళే మునుగుతారు. మనం నాటేది గింజ కాదు, మొత్తం దుంప. బతికున్న మొక్క ముక్క అది. తల్లి పంటకి పేనుబంక వల్ల ఎక్కిన వైరస్, మట్టిలోంచి వచ్చిన వాడు తెగులు (బాక్టీరియా వల్ల మొక్క వాడిపోయే జబ్బు), అన్నీ దుంపతోపాటే పిల్ల పంటలోకి వస్తాయి. అందుకే ఎవరి విత్తనం వాళ్ళు దాచుకుంటూ పోతే నాలుగైదేళ్ళకి దిగుబడి సగానికి పడిపోతుంది, ఇక్కడ అది రైతులందరికీ అనుభవమే. ఒకప్పుడు దేశమంతా కొండల విత్తనం మీదే ఆధారపడేది. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ పద్ధతి నేర్పాక పేనుబంక తక్కువగా ఉండే చలిరోజుల్లో పంట పెంచి, పురుగు పెరిగే ముందే ఆకు కోసేసి, మైదానాల్లోనే శుభ్రమైన విత్తనం తీయడం మొదలైంది. నూరు ఆకులకి 20 పురుగులు దాటకముందే కొయ్యాలని లెక్క. ఆ పద్ధతి వల్లే ఇవాళ జలంధర్ విత్తనానికి రాజధాని అయింది, మా లారీలన్నీ అక్కడి నుంచే వస్తాయి.

తాతగారి కాలంలో మాత్రం స్టోరేజీ లేదు. వసారాలో వెదురు తడికెలతో నాలుగు అరలు కట్టి, విత్తనం ఒక్క పొరగా పరిచేవారు. చీకట్లో ఉంటే మొలక తెల్లగా, సన్నగా, తాడులా పాకుతుంది, చెయ్యి తగిలితే విరిగిపోతుంది. వెలుతురు పడితే దుంప పచ్చబడి మొలక పొట్టిగా, లావుగా, గట్టిగా వస్తుంది. ఆయనకి ఇది ఎవరూ చెప్పలేదు, వసారాలో చూసి నేర్చుకున్నారు. పెరూలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం తర్వాతి కాలంలో పేద రైతుల కోసం ప్రచారం చేసిన పద్ధతి సరిగ్గా ఇదే. ఇవాళ్టికీ పది బస్తాల రైతుకి నేను చెప్పే మొదటి మాట కోల్డ్ స్టోరేజీ కాదు, ఈ తడికె అరలే. కానీ లారీ లోడు దుంపల్ని మార్చి నుంచి జూన్ దాకా అలా దాచలేం, ఎండిపోయి ముడతలు పడి చాలా బరువు పోతాయి.

పెద్దాయన స్టోరేజీ కట్టింది ఎనభైల మధ్యలో. అప్పట్లో దానికి కోల్డ్ స్టోరేజీ ఆర్డర్ కింద లైసెన్సు కావాలి, ఆ ఆర్డర్ని 1997లో ఎత్తేశారు. రెండు ఇటుక గోడల మధ్య వరి ఊక కూరిన కట్టడం, మూడు గదులు, గదికి నాలుగు అంతస్తులు, చెక్క మంచెలు, పైన అమ్మోనియా పైపులు. ఊక గోడలంటే ఇప్పటి కుర్రాళ్ళు నవ్వుతారు గానీ ఊక పొడిగా ఉన్నంతకాలం చలిని బాగానే ఆపేది. తడిస్తే మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ కిందికి దిగిపోయి పై గోడ ఖాళీ అవుతుంది, ఆ ఖాళీలోంచి వేడి వస్తుంది. నేను 1996లో వెళ్ళినప్పుడు కంప్రెసర్ తప్పేం లేదు, పైనున్న ఊక మూరెడు దిగిపోయింది, అంతే. నిచ్చెన వేసి మళ్ళీ ఊక కూర్పించాం.

ఆయన నాకు నేర్పినవి పుస్తకంలో దొరకవు అనను, దొరుకుతాయి, కానీ పుస్తకం చదివినవాళ్ళు చెయ్యడం నేను తక్కువ చూశాను. విత్తనాన్ని 2 నుంచి 4 డిగ్రీల మధ్య, తేమ 90 శాతానికి పైన ఉంచాలి. రోజుకి గది సామర్థ్యంలో 4-5 శాతం కంటే ఎక్కువ దుంప లోపలికి దించకూడదు, ఎందుకంటే వేడి దుంప వచ్చి పడితే పక్కనున్న చల్లటి దుంపకి చెమట పడుతుంది, చెమట పట్టిన చోట కుళ్ళు మొదలవుతుంది. మార్చిలో లారీలు బయట బారులు తీరి ఉంటే, డ్రైవర్లు తిడుతుంటే, ఈ లెక్క పాటించడం ఎంత టెన్షనో గేటు దగ్గర నిలబడినవాడికే తెలుస్తుంది. దుంప ఊపిరి పీలుస్తుంది, బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) వదులుతుంది. ఆయన రోజూ తెల్లవారుజామున తలుపులు తీసి గాలి మార్పించేవారు. ఇప్పటి ప్రమాణాల్లో ఆ గాలి 4000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 4000) దాటకూడదని ఉంది, ఆయన దగ్గర మీటరు లేదు, లోపలికి వెళ్ళి దీపం పట్టుకుని కాసేపు నిలబడేవారు.

వీటన్నిటికంటే ముఖ్యం ఆయన పుస్తకం. పొడుగాటి ఎర్ర అట్ట ఖాతా. ఏ లారీ, ఏ లాటు, ఏ గది, ఏ అంతస్తు, ఎన్ని బస్తాలు, ఎవరికి ఇచ్చారు, ఏ ఊరు. తర్వాత మమ్మల్ని కాపాడింది ఆ పుస్తకమే.

ఇక మూడో తరం. చిన్నబాబు విశాఖలో ఇంజనీరింగ్ చదివి 2012లో ఇంటికొచ్చాడు. వచ్చిన రెండేళ్ళకే, 2014 ఆగస్టులో, పశ్చిమ బెంగాల్ దుంపలు బయటి రాష్ట్రాలకి వెళ్ళకుండా ఆపింది. ఒడిశా తినే దుంపలో ఎక్కువ భాగం అప్పట్లో అక్కడి నుంచే వచ్చేది కాబట్టి ధరలు భగ్గుమన్నాయి. 2015లో ఒడిశా ప్రభుత్వం పొటాటో మిషన్ ప్రకటించింది. చుట్టూ అందరూ దుంపల గురించే మాట్లాడుతున్న రోజులు అవి. చిన్నబాబుకి చిప్స్ ఆలోచన వచ్చింది. కుర్రాడి ఆశలో తప్పేం లేదు, అది నేను ఇప్పటికీ అంటాను. విత్తనం వ్యాపారం ఏడాదికి రెండుసార్లే కదులుతుంది, మిగతా రోజులు కరెంటు బిల్లు, కూలీ, బ్యాంకు వాయిదా. గది ఖాళీగా ఉంటే నష్టం.

చిప్స్ దుంపని విత్తనంలా 3 డిగ్రీల్లో పెట్టలేం. ఆ చలిలో దుంపలోని పిండి చక్కెరగా మారుతుంది, నూనెలో వేస్తే ముక్క నల్లగా, చేదుగా అవుతుంది. అందుకని 10-12 డిగ్రీల్లో ఉంచాలి, కానీ ఆ వేడికి మొలకలొస్తాయి. మొలక రాకుండా సీఐపీసీ అనే మందుని పొగలా గదిలో పట్టిస్తారు. కణం రెండుగా చీలకుండా ఆపుతుంది అది. మొలక అంటేనే కణాలు చీలడం. తినే దుంపకి అనుమతించిన మందే మన దేశంలో. ఐరోపా యూనియన్ మాత్రం 2019లో దాని అనుమతి పొడిగించలేదు. మూడో గదిని చిప్స్‌కి కేటాయించి, 2016, 2017 రెండేళ్ళూ పొగ పట్టించాం. పొగ యంత్రం నేనే ఎంచాను.

చిప్స్ నడవలేదు. ఇక్కడి రైతుకి అలవాటైన కుఫ్రి జ్యోతి 1968 నాటి రకం, వానాకాలానికి తట్టుకుంటుంది గానీ చిప్స్‌కి కావలసిన 20 శాతం పైన పొడి పదార్థం అందులో నమ్మకంగా రాదు. చిప్స్ కోసమే ఉన్న చిప్సోనా రకం తెప్పించాం, వానల్లో దిగుబడి పడిపోయింది. ఆ కథ ఇంతకంటే పొడిగించను.

2018 మార్చిలో చిప్స్ దుంప కొంటానన్న పార్టీ వెనక్కి తగ్గింది. మూడో గది ఖాళీ. అదే నెలలో జలంధర్ నుంచి అనుకున్నదానికంటే ఎక్కువ విత్తనం వచ్చింది, ఒకటి, రెండు గదులు నిండిపోయాయి. చిన్నబాబు ఫోన్ చేశాడు. "మాస్టారూ, మూడో గదిలో విత్తనం పెట్టొచ్చా?"

నేను వెళ్ళి చూశాను. మంచెలు నీళ్ళతో కడిగించి, మూడు రోజులు తలుపులు తీసి ఫ్యాన్లు వేయించాను. మందు వాసన పోయింది. పోయింది కాబట్టి మందు కూడా పోయిందనుకున్నాను. పెట్టుకో అన్నాను. పెద్దాయన ఆ వారం విజయనగరంలో కంటి ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉన్నారు, ఆయన్ని అడగలేదు. ప్లాస్టిక్ క్రేట్లు కూడా చిప్స్ దుంప మోసినవే వాడాం. ఇంకా ఘోరం, మే చివర్లో మొలక రప్పించడానికి ఒకటి, రెండు గదుల దుంపల్ని ఎప్పటిలాగే బయట షెడ్డులో వెలుతురులో పరిచి, మూడో గది దుంపల్ని మాత్రం షెడ్డులో చోటు చాలక ఆ గదిలోనే చలి ఆపేసి 15 డిగ్రీలకి రానిచ్చాం. గోడలకీ చెక్కకీ అంటుకున్న మందు వెచ్చదనానికి మళ్ళీ గాలిలోకి లేస్తుందని నాకు తట్టలేదు.

మొలకలు పెద్దగా లేకుండానే జూన్ మొదటి వారంలో బస్తాలు పంచారు. మొలక కళ్ళు ఉబ్బి ఉన్నాయి, నేలలో వేస్తే లేస్తాయిలే అన్నారు. నేనూ అన్నాను.

జూన్ ఆఖరికి పొట్టంగి వైపు నుంచి పరజ అనే గిరిజన తెగకి చెందిన ఒక ముసలి రైతు స్టోరేజీకి నడిచొచ్చాడు. గుడ్డలో నాలుగు దుంపలు కట్టి తెచ్చాడు. కోపంగా కూడా లేడు. "సావుకారీ, దుంప పడుకుంది. లేపితే లేవట్లేదు" అన్నాడు. అప్పటికి ఇరవై రెండు రోజులైంది నాటి. మరుసటి వారంలో అలా తొమ్మిది ఊళ్ళ నుంచి వచ్చారు.

కారణం కనుక్కోవడానికి మాకు ఆరు రోజులు పట్టింది, ఈ భాగం మాత్రం తోటి స్టోరేజీవాళ్ళు ఓపిగ్గా చదవాలి. మొదట అందరూ అన్నది కుళ్ళు. వానలు గట్టిగా పడ్డాయి కాబట్టి నమ్మదగ్గ మాటే. కానీ తవ్వి తీసిన దుంప రాయిలా గట్టిగా ఉంది, వాసన లేదు, నొక్కితే నీరు రాలేదు. వాడు తెగులైతే కోసిన చోట గోధుమ రంగు వలయం, నొక్కితే తెల్లటి జిగురు కనపడాలి, అదీ లేదు. గాలి ఆడక లోపల నల్లబడిందా అని పదుల దుంపలు కోశాం, తెల్లగా ఉన్నాయి. చలికి గడ్డకట్టిందా అంటే ఉష్ణోగ్రత పుస్తకంలో 2 కంటే కిందికి ఒక్క రోజూ పోలేదు. నిద్ర తీరలేదా అంటే ఫిబ్రవరిలో తవ్విన దుంప, మామూలుగా రెండు, రెండున్నర నెలలే దాని నిద్ర.

అప్పుడు పెద్దాయన కళ్ళకి నల్లద్దాలు పెట్టుకునే వచ్చి కూర్చుని, ఎర్ర అట్ట పుస్తకం తెమ్మన్నారు. చిన్నబాబు చదువుతుంటే వింటూ ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పించారు. ఒకే లారీ, ఒకే లాటు విత్తనం రెండో గదిలోకి సగం, మూడో గదిలోకి సగం వెళ్ళింది. రెండో గది బస్తా తీసుకున్న ఊళ్ళో మొక్క మోకాలెత్తు ఉంది. మూడో గది బస్తా తీసుకున్న ఊళ్ళో మడి నున్నగా ఉంది. ఒకే కుటుంబంలో అన్నకి మొలిచింది, తమ్ముడికి మొలవలేదు, గట్టు ఒకటే. ఆయన నావైపు తిరిగి, "బాబూ, ఆ గదిలో ఏం చేశారు?" అన్నారు.

చెప్పాను. ఇంకో రెండు దుంపలు కళ్ళ మధ్యగా నిలువుగా కోశాం. మొలక ఉంది. బయటికి రావలసింది లోపలికి తిరిగి, దుంప కండలోకి వేలులా చొచ్చుకుపోయి ఉంది. ఈ మందు కొద్ది మోతాదులో తగిలినప్పుడు జరిగేది అదే. ఆ ముక్క చేతిలో పట్టుకుని పెద్దాయన చాలాసేపు ఏమీ అనలేదు. నన్ను తిట్టలేదు. ఇప్పటికీ నాకు ఆ నిశ్శబ్దమే గుర్తుంటుంది.

ఆ సంవత్సరం ఆ కుటుంబం చేసింది నేను ఏ మేనేజ్‌మెంట్ క్లాసులోనూ వినలేదు. కుందులి సంత రోజున రైతులందర్నీ గోడౌన్ దగ్గరికి పిలిచి, తప్పు మాది, విత్తనం మా గదిలో చచ్చిపోయింది అని పెద్దాయన దేశియాలో చెప్పారు. వకీలుని అడిగితే అలా ఒప్పుకోవద్దన్నాడట, ఆయన వినలేదు. మూడో గది బస్తాలన్నిటి బాకీ కొట్టేశారు. దుంప మళ్ళీ వేసే అదను దాటిపోయింది కాబట్టి మడికి చోడి (రాగి) నారు, దున్నకానికి డబ్బు ఇచ్చారు. అక్టోబరు పంటకి విత్తనం ఉచితంగా పంచారు. దీనికోసం చిప్స్ యంత్రాలు, విజయనగరంలో ఇంటి స్థలం అమ్మేశారు. నేను నా ఫీజు రెండేళ్ళు తీసుకోలేదు, అది పెద్ద విషయం కాదు, రాయకపోతే దాచినట్టవుతుందని రాస్తున్నాను. ఇద్దరు ముగ్గురు రైతులు మళ్ళీ రాలేదు. వాళ్ళలో ఒకతను ఆ ఏడాది కూలికి విశాఖ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఆ బాకీ ఏ పుస్తకంలో రాసుకోవాలో మాకెవరికీ తెలియలేదు.

అప్పటి నుంచి మారినవి చెప్తాను. బస్తా గేటు దాటే ముందు నూరు దుంపల పరీక్ష తప్పనిసరి. ప్రతి లాటు నుంచీ, ప్రతి గది నుంచీ విడివిడిగా, పై అంతస్తు, కింది అంతస్తు కలిపి నూరు దుంపలు మూడు వారాల ముందే తీసి, వెలుతురులో పరిచి లెక్కపెడతారు. 95 కంటే తక్కువ మొలిస్తే ఆ లాటు కదలదు. మిగతా విత్తనం నాటడానికి రెండు వారాల ముందు బయటికి తీసి, ముందు గదిలో ఒక రోజు ఉంచి చెమట ఆరనిచ్చి, తాతగారి తడికెల మీదే పరుస్తారు. అవును, వెదురు అరలు మళ్ళీ వచ్చాయి, షెడ్డు నిండా. మొలకెత్తని దుంప రైతు చేతికి ఇవ్వరు, కళ్ళు ఉబ్బాయన్న మాట అక్కడ ఇక చెల్లదు. గ్రేడింగ్ మాత్రం కొత్త యంత్రంతో చేస్తున్నారు, 30 నుంచి 50 గ్రాముల దుంప విత్తనానికి, పెద్దది కూరకి. కొయ్యకుండా దుంపంతా నాటమని చెప్తారు, ఎందుకంటే కోసే కత్తి వాడు తెగుల్ని ఒక దుంప నుంచి ఇంకో దుంపకి మోస్తుంది. స్టోరేజీలోకి వెళ్ళే ముందు 3 శాతం బోరిక్ యాసిడ్ నీళ్ళలో ముంచి ఆరబెడతారు, నల్లపొక్కు (తొక్క మీద నల్లమచ్చలు కట్టే తెగులు) రాకుండా.

నన్ను ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, ఒకే ప్రాంగణంలో చిప్స్ దుంప, విత్తనం రెండూ పెట్టుకోవచ్చా అని. నా జవాబు వద్దు. వేరే భవనం, వేరే క్రేట్లు, వేరే గోనెలు, వేరే కళాసీలు ఉంటే తప్ప వద్దు. పొగ పట్టించిన గదికి మళ్ళీ విత్తనం గది అయ్యే దారి ఉందని ఎవరైనా అమ్మజూపితే, నూరు దుంపలు పెట్టి చూపించమనండి. కరెంటు బిల్లు కోసం గది నింపాలన్న తొందరే మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది, ఆ తొందర మార్చి నెలలో ఎంత బలంగా ఉంటుందో నాకు తెలుసు కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మూడో గదిలో చెక్క మంచెలు తీసేసి కాల్చేశాం, గోడ సున్నం గీకించాం, నేల కొత్తగా పోయించాం. ఏ సరుకూ పెట్టడం లేదు. ప్రతి ఏడూ మార్చిలో నూరు దుంపలు ఒక్క బుట్టలో పెట్టి తలుపు వేసి, మే చివర్లో తీసి చూస్తాం. మొదటి ఏడు 22 మొలిచాయి, అవీ వంకర్లు. కిందటేడు 84. ఈ ఏడాది చిన్నబాబు, పెద్దాయన, నేను ముగ్గురం కింద కూర్చుని లెక్కపెట్టాం, 91 వచ్చాయి. రెండో గదివి 98. పెద్దాయన ఆ తొమ్మిది దుంపల్నీ వేరే తీసి ఒక్కొక్కటీ నిలువుగా కోసి చూశారు. వాటిలో రెండింట్లో మొలక ఇంకా లోపలికే తిరిగి ఉంది. గది తాళం ఆయన దగ్గరే ఉంచుకున్నారు.